దిద్దకుండా చదివే మనిషి: 26 సెషన్ల కౌన్సెలింగ్ తర్వాత నా రివ్యూ

నేను హైస్కూల్లో లెక్కల టీచర్ని. 23 ఏళ్లుగా అదే పని. మా అమ్మాయి గురించి కౌన్సెలింగ్‌కి వెళ్లి, నా గురించి మాట్లాడుకుని వచ్చాను. వారానికొక సెషన్, ఒక్కోటి 50 నిమిషాలు, మొత్తం 26. కౌన్సెలర్ సలహాలివ్వకుండా, వచ్చినవాళ్ల లోపలి సంగతి అర్థం చేసుకుంటూ వినే ఈ పద్ధతిని వ్యక్తి కేంద్రిత కౌన్సెలింగ్ అంటారు. వెళ్లే ముందు తెలుగులో వెతికితే నిర్వచనాలు దొరికాయి గానీ, ఆ కుర్చీలో కూర్చుని వచ్చిన మనిషి మాటలు నాకు దొరకలేదు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను. కౌన్సెలర్ పేరు రాయను. ఈ పద్ధతిలో నిజంగా పని చేసేవాళ్లు ఎదురుగా ఉంటే ఎలా ఉంటుందో తెలిస్తే చాలు, మీకు తగినవాళ్లని మీరే చూసుకోగలరు.

మా అమ్మాయికి 16 ఏళ్లు. ఏడాదిగా నాతో మాటలు తగ్గించేసింది. ఏమడిగినా "ఊఁ", "సరే", "ఏం లేదు". ఒకరోజు గట్టిగా నిలదీస్తే, "అమ్మా, నీకేం చెప్పినా మార్కులేస్తావ్" అని తలుపేసుకుంది. ఆ మాట గుచ్చుకుంది. గుచ్చుకున్నా నేను చేసిందేమిటంటే, తలుపు బయట నిలబడి, "నేనెప్పుడు మార్కులేశాను? ఒక్క ఉదాహరణ చెప్పు" అని అడగడం.

మొదట తనని ఒక చోటికి తీసుకెళ్లాను. అక్కడ ఒకరు పావుగంట మాట్లాడి, టైమ్ టేబుల్ ఒకటి, ఫోన్ వాడకం మీద కొన్ని నియమాలు రాసిచ్చారు. అమ్మాయి ఆ కాగితం మడిచి నా బ్యాగులో పెట్టేసింది. తర్వాత ఇంకొకరికి ఫోన్ చేశాను. ఇప్పుడు రాస్తున్నది ఈవిడ గురించే. అంతా విని, "రావాలని అమ్మాయికి ఉందా?" అన్నారు. లేదన్నాను. కాసేపాగి, "మీకుందా?" అన్నారు. నేనెందుకు అనబోయి, ఎందుకో అనలేకపోయాను.

ఈ పద్ధతికి మూలపురుషుడు కార్ల్ రోజర్స్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త. 1902లో పుట్టి 1987లో పోయారు. యూనివర్సిటీలకు రాకముందు రోచెస్టర్ అనే నగరంలో 12 ఏళ్లు పిల్లల సమస్యలు చూసే చోట పనిచేశారు. అక్కడ జరిగిన ఒక సంగతి ఆయనే రాసుకున్నారు. మాట వినని ఒక అబ్బాయి, వాళ్లమ్మ. తప్పు తల్లి దగ్గరే ఉందని రోజర్స్‌కి అర్థమైంది. దాన్ని ఆమెకు అర్థమయ్యేలా చెప్పాలని చాలా సమావేశాల్లో ప్రయత్నించారు. కుదరలేదు. ఇక ఆపేద్దామన్నారు, ఆమె కూడా సరేనంది. గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగి, ఇక్కడ పెద్దవాళ్లకు కూడా కౌన్సెలింగ్ చేస్తారా అని అడిగింది. చేస్తామనగానే వచ్చి కూర్చుని, తన కాపురం గురించి, తాను ఓడిపోయానన్న బాధ గురించి చెప్పడం మొదలుపెట్టింది. అప్పటిదాకా ఆయన రాసుకున్న కేసు చరిత్రకూ, ఆమె చెప్పినదానికీ పోలికే లేదు. చివరికి తల్లికీ మేలు జరిగింది, అబ్బాయికీ జరిగింది. ఎక్కడ నొప్పిగా ఉందో, ఎటు వెళ్లాలో తెలిసినవాళ్లు వచ్చినవాళ్లేనని ఆయన తెలుసుకున్నది ఇలాంటి అనుభవాల వల్లే. ఇది చదివినప్పుడు నాకు తలుపు బయట నిలబడిన నేనే గుర్తొచ్చాను.

ఇక సేవ సంగతి. గదిలో చెప్పుకోదగ్గదేమీ లేదు. రెండు కుర్చీలు, ఎదురెదురుగా కాకుండా కొంచెం పక్కకు తిప్పి వేసినవి. ఇద్దరికీ కనబడే గడియారం. మధ్యలో బల్ల లేదు. మొదటిరోజే కొన్ని విషయాలు స్పష్టంగా చెప్పారు. నేను చెప్పింది బయటికి పోదు. నా ప్రాణానికో, ఇంకొకరి ప్రాణానికో ముప్పు ఉందనిపిస్తే మాత్రం ఆ హద్దు మారుతుంది, అదీ వీలైనంతవరకు నాకు చెప్పే చేస్తారు. నాకిష్టమైతే ఆడియో రికార్డు చేస్తారు, తన పనిని తన సూపర్‌వైజర్‌కి, అంటే తన పని చూసి దారి చెప్పే అనుభవజ్ఞులకి, చూపించి మెరుగుపరుచుకోవడానికి. వద్దంటే చెయ్యరు. ఇవన్నీ కాగితం మీద కూడా ఇచ్చారు. ఎక్కడికి వెళ్లినా ఈ మాత్రం ముందే చెబుతున్నారా లేదా చూసుకోండి.

మొదటి మూడు సెషన్లూ నాకు విసుగే. "మేడమ్, ఇప్పుడు నేనేం చెయ్యాలి?" అని అడుగుతాను. ఆమె ఏం చెయ్యాలో చెప్పరు. "ఏదో ఒకటి వెంటనే చెయ్యాలి, లేకపోతే చేయి జారిపోతుందన్న భయం ఉన్నట్టుంది" అంటారు. "భయం కాదు" అన్నాను. "భయం అన్న మాట సరిపోలేదు" అన్నారు. అంతే. తను ఎందుకలా అనుకున్నారో చెప్పుకోలేదు, లోపల భయమే ఉందని నన్ను ఒప్పించాలని చూడలేదు. నా మాటనే సరైనదిగా తీసుకుని, సరైన పదం కోసం నాతోపాటు ఎదురుచూశారు. తరగతిలో ఒక పిల్లాడు నన్ను "కాదు టీచర్" అంటే నేనెలా ఉంటానో నాకు తెలుసు. కాబట్టి ఆ "సరిపోలేదు" నాకు చాలా పెద్దగా వినబడింది.

చాలామంది ఈ పద్ధతి అంటే మన మాటే మనకు తిప్పి చెప్పడం అనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను. 1966లో జోసెఫ్ వైజెన్‌బామ్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త ఎలైజా అని ఒక ప్రోగ్రామ్ రాసి, ఈ తరహా సంభాషణనే అనుకరించి చూపించాడు. మాటను ప్రశ్నగా తిప్పేసి ఇవ్వడం అప్పట్లోనే యంత్రానికి వచ్చు. కానీ రోజర్స్ చివరి రోజుల్లో తన పని గురించి రాస్తూ, భావాలకు అద్దం పట్టడం తన ఉద్దేశమే కాదన్నారు. ఎదుటివాళ్ల లోపలి సంగతి తనకు సరిగ్గా అర్థమైందా లేదా అని వాళ్లనే అడిగి సరిచూసుకోవడం, తాను చేసేది అదేనన్నారు. లెక్కల టీచర్‌గా ఇది నాకు వెంటనే ఎక్కింది. సమీకరణం సాధించాక, వచ్చిన విలువను మళ్లీ అందులో పెట్టి చూస్తాం. రెండువైపులా సమానమైతేనే జవాబు. ఇక్కడ ఆ సరిచూసే పని వచ్చినవాళ్లదే. ఆమె ఒక మాట నా చేతిలో పెడతారు, అది నాకు సరిపోయిందో లేదో చెప్పేది నేను.

తొమ్మిదో సెషన్ గురించి చెప్పాలి. మిగతావన్నీ మరిచిపోయినా అది మరిచిపోను.

మా నాన్న సంగతి వచ్చింది. 12 ఏళ్లప్పుడు నన్ను హాస్టల్లో వేశారు. మొదటి నెలలో నాన్నకి ఉత్తరం రాశాను, ఇక్కడ ఉండలేను, వచ్చి తీసుకెళ్లమని. వారం తర్వాత జవాబు వచ్చింది. కవరు విప్పితే లోపల నా ఉత్తరమే ఉంది. ఎర్ర సిరాతో దిద్ది పంపారు. ఒత్తులు, దీర్ఘాలు, ఒకచోట వాక్యం సగంలో ఆగిపోతే పక్కన ప్రశ్నార్థకం. కింద "జాగ్రత్తగా చదువుకో" అని ఒక లైను. ఈ కథ నేను చాలామందికి చెప్పాను, నాన్న ఎంత క్రమశిక్షణ గల మనిషో చెప్పడానికి. ఆమెకీ అలాగే చెప్పాను, గడగడా.

ఆమె వెంటనే ఏమీ అనలేదు. తర్వాత, "ఆ కవరు విప్పిన పిల్లకి చాలా అవమానంగా అనిపించి ఉంటుంది" అన్నారు. నేను ఆలోచించాను. "అవమానం కాదు" అన్నాను. "కోపమా?" "కోపమూ కాదు." గొంతు కింద, ఛాతీ పైభాగంలో ఏదో అడ్డం పడ్డట్టుంది. చెయ్యి అక్కడ పెట్టుకున్నాను. ఆమె, "అక్కడే ఉందాం, తొందరేం లేదు" అన్నారు. గడియారం నాకు కనబడుతూనే ఉంది, నాలుగు నిమిషాలు గడిచాయి. ఎదుటి మనిషి నాలుగు నిమిషాలు మాట్లాడకుండా, అటూ ఇటూ చూడకుండా నాతో కూర్చోవడం నా జీవితంలో అదే మొదటిసారి. చివరికి నా నోటి నుంచి వచ్చింది: "దిద్దారు గానీ చదవలేదు."

ఆ మాట రాగానే అడ్డం పడ్డది కరిగినట్టయింది, ఏడుపొచ్చింది. "ఉత్తరం చూశారు, దిద్దారు, తిరిగి పంపారు. చదవలేదు" అన్నారు ఆమె మెల్లగా. అవును. అదే. 35 ఏళ్లుగా మోస్తున్నదానికి అప్పుడు పేరు దొరికింది. ఆ వెంటనే మా అమ్మాయి తలుపేసుకున్న చప్పుడు గుర్తొచ్చింది. ఆమె గుర్తు చెయ్యలేదు, పోలిక తేలేదు. తెచ్చి ఉంటే నేను వాదించేదాన్ని.

తర్వాత చదివితే, యూజీన్ జెండ్లిన్ అనే ఆయన గురించి తెలిసింది. షికాగోలో రోజర్స్‌తో కలిసి పనిచేసినవాడు. కౌన్సెలింగ్ వల్ల బాగుపడేవాళ్లకీ, ఎన్నాళ్లొచ్చినా కదలనివాళ్లకీ తేడా ఎక్కడుందని రికార్డింగులు వినీ వినీ చూశారట. బాగుపడేవాళ్లు గడగడా చెప్పుకుపోరు. మధ్యలో ఆగుతారు, తడుముకుంటారు, "అది కాదు, ఇంకేదో" అంటూ ఒంట్లో తెలుస్తున్న అస్పష్టమైనదాన్ని పట్టుకోవడానికి చూస్తారు. సరైన మాట దొరికితే ఒళ్లే చెబుతుంది. నా ఎనిమిది సెషన్లూ గడగడానే పోయాయి, తొమ్మిదోదాంట్లో ఆగాను. ఆగగలిగానంటే, ఆమె ఆగారు కాబట్టి.

రోజర్స్ 1957లో ఒక వ్యాసం రాశారు, మనిషి మారడానికి ఎలాంటి పరిస్థితులు కావాలి, ఎన్ని చాలు అని. ఆరు చెప్పారు. అందులో సాయం చేసేవాళ్ల వైపు నుంచి ముఖ్యమైనవి మూడు: లోపలా బయటా ఒకటిగా ఉండటం, షరతుల్లేని ఆదరణ, సహానుభూతి. సహానుభూతి అంటే జాలి కాదు. ఎదుటివాళ్ల లోకాన్ని మనదే అన్నట్టుగా తెలుసుకోవడం, ఆ "అన్నట్టుగా" అన్నది మాత్రం పోగొట్టుకోకుండా. నా బాధలో ఆమె కూడా మునిగిపోతే నేను ఆమెను ఓదార్చాల్సి వచ్చేది. అలా ఒక్కసారీ జరగలేదు.

లోపలా బయటా ఒకటిగా ఉండటం అంటే ఏమిటో రెండుసార్లు చూశాను. ఒకసారి నేను స్కూలు గొడవ ఏదో పూసగుచ్చినట్టు చెబుతుంటే, "వింటున్నాను గానీ, పది నిమిషాలుగా మీకు దూరమైపోతున్నట్టు నాకనిపిస్తోంది. ఇది నాలో ఏమైనా కావచ్చు. మీకెలా ఉంది?" అన్నారు. చురుక్కుమంది. నిజానికి నేనూ అప్పుడు అక్కడ లేను, తరగతిలో పాఠం చెబుతున్నట్టు చెప్పుకుపోతున్నాను. ఇంకోసారి, సెషన్‌కి గంట ముందు మెసేజ్ పెట్టి రద్దు చేశారు. అప్పటికే స్కూల్లో పర్మిషన్ పెట్టుకుని బయల్దేరాను. తర్వాతి వారం కోపంగా చెప్పాను. "మీరు ఇబ్బంది పడ్డారు, నా వల్ల. క్షమించండి" అన్నారు. ఎందుకు రద్దయిందో చెప్పి తప్పించుకోలేదు. నేను ఒక పెద్దమనిషిని కోప్పడి, ఆ సంబంధం తెగకుండా ఇంటికి రావడం కూడా కొత్తే.

రికార్డింగు సంగతి కూడా చెప్పాలి. కౌన్సెలింగ్ సంభాషణల్ని రికార్డు చేసి పరిశీలించడం పెద్ద ఎత్తున మొదలుపెట్టినవాళ్లలో రోజర్స్ ఒకరు. ఒకే వ్యక్తితో జరిగిన ఎనిమిది సమావేశాల్ని మాట పొల్లుపోకుండా 1942లోనే అచ్చువేశారు. గదిలో ఏం జరుగుతోందో బయటివాళ్లు పరిశీలించడానికి అప్పుడు దారి దొరికింది. 14వ సెషన్లో, నాది నేను వినొచ్చా అని అడిగాను. ఒక ఎనిమిది నిమిషాల ముక్క ఇద్దరం కలిసి విన్నాం. ఆ ఎనిమిది నిమిషాల్లో "తప్పు" అన్న మాట నేను 11 సార్లు అన్నాను. అమ్మాయి చేసింది తప్పు, నేను పెంచడం తప్పు, ఇక్కడికి ఆలస్యంగా రావడం తప్పు. లెక్కపెట్టింది నేనే. ఆమె లెక్కపెట్టలేదు, ఏమీ అనలేదు కూడా. విలువకు షరతులు అని రోజర్స్ ఒక మాట వాడారు. ఫలానా విధంగా ఉంటేనే నువ్వు మంచిదానివి అని చిన్నప్పుడు బయటినుంచి విన్నది, పెద్దయ్యాక మన గొంతుతోనే లోపల మోగుతుంటుందని. ఆ రోజు స్పీకర్లో విన్నది నా గొంతే.

ఇంట్లో ఏం మారింది అని అడుగుతారు. ఉన్నపళంగా ఏమీ మారలేదు. అమ్మాయి నెలల తరబడి అలాగే ఉంది. మారింది నా చెవి. ఒక రాత్రి తను వంటగది గుమ్మంలో నిలబడి, "రేపు స్కూలుకి వెళ్లాలని లేదు" అంది. పాతరోజుల్లో అయితే హాజరు శాతం అడిగేదాన్ని. గట్టిగా ఊపిరి తీసుకుని, "ఒంటరిగా ఉంటోందా అక్కడ?" అన్నాను. "ఒంటరిగా కాదమ్మా" అంది. నేను ఊరుకున్నాను. "అందరూ ఉంటారు. నన్ను ఎవరూ పిలవరు." "ఉంటావు గానీ, పిలుపు రాదు" అన్నాను. తను ఒక్క క్షణం నా వైపు చూసి, గుమ్మం దాటి లోపలికొచ్చి కూర్చుంది. ఆ రాత్రి రెండు గంటలు మాట్లాడింది. నేను సలహా ఒక్కటీ ఇవ్వలేదు. ఇవ్వాలని రెండుసార్లు నోటిదాకా వచ్చింది. మర్నాడు స్కూలుకి వెళ్లిందా అంటే, వెళ్లింది, తనంతట తనే.

నాకు నచ్చనివి కూడా ఉన్నాయి. మొదట్లో ఈ పద్ధతి ఎలా ఉంటుందో, సలహాలు ఎందుకివ్వరో ఇంకొంచెం వివరంగా చెప్పాల్సింది. మూడో సెషన్ తర్వాత నేను మానేయబోయాను, అలా మానేసినవాళ్లు ఇంకొందరు ఉండే ఉంటారు. ఎంతవరకు వచ్చామో అప్పుడప్పుడు చూసుకునే ఏర్పాటు కూడా లేదు, నేను అడిగాకే 12వ సెషన్లో ఒకసారి వెనక్కి తిరిగి చూశాం. ఇంట్లో చేసుకురమ్మని అభ్యాసాలు ఇచ్చే పద్ధతులూ ఉన్నాయి, అవి నచ్చేవాళ్లకి ఇది ఖాళీగా అనిపించవచ్చు.

అందరికీ ఇదే సరిపోతుందని కూడా నేననను. చేతులు పదేపదే కడుక్కోవడం లాంటి ఇబ్బందులకీ, ఫలానాదంటే విపరీతమైన భయానికీ నేరుగా ఆ సమస్య మీద పనిచేసే చికిత్సలున్నాయి. రోజర్స్ కూడా 1957 తర్వాత విస్కాన్సిన్‌లో, స్కిజోఫ్రీనియా అనే తీవ్రమైన మానసిక జబ్బుతో ఆసుపత్రిలో ఉన్నవాళ్లతో పనిచేసి చూశారు. ఆశించినంత స్పష్టమైన ఫలితాలు రాలేదు. నాకు మధ్యలో మూడు వారాలు నిద్ర పూర్తిగా పోయినప్పుడు, డాక్టర్ని చూడమని ఈవిడే చెప్పారు, చూశాక కూడా సెషన్లు సాగాయి. చనిపోవాలన్న ఆలోచనలుంటే వారం తర్వాతి అపాయింట్‌మెంట్ కోసం ఆగకండి, ఆ రోజే డాక్టర్ దగ్గరికో ఆసుపత్రికో వెళ్లండి, తోడుగా ఒకరిని తీసుకెళ్లండి.

మంచి కౌన్సెలర్ని ఎలా గుర్తుపట్టాలని స్టాఫ్ రూములో ఒకరు అడిగారు. చదువు, శిక్షణ, సూపర్‌విజన్ ఉన్నాయా అని అడగండి, అడిగితే చిన్నబుచ్చుకునేవాళ్లయితే వద్దు. ఆ తర్వాత మొదటి గంటలో ఒక్కసారైనా "కాదు, మీరనుకున్నట్టు కాదు" అనండి. అప్పుడు వాళ్ల ముఖం చూడండి.

ఐదుకి నాలుగు ఇస్తున్నాను. ఆ ఒక్కటీ మొదటి మూడు వారాలకి తగ్గించాను.

26వ సెషన్లో ఆపుదామన్నది నేనే. నాలుగు సెషన్ల ముందే చెప్పాను, ఆపడం గురించి కూడా మాట్లాడుకోవడానికి వీలుంటుందని. చివరిరోజు ఆమె, "ఇంకా చదవని ఉత్తరం ఏదైనా ఉందా?" అన్నారు. ఉందన్నాను. నాన్నకి ఇప్పుడు 81 ఏళ్లు. ఎర్ర సిరా మరకలతో ఆ పాత కాగితం ఇంకా నా దగ్గరే ఉంది. ఆయనకి చూపించాలా వద్దా అన్నది తేలలేదు. తేలితే మళ్లీ వెళ్తాను.